ఎనభై రెండున్నర గీత

మన బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. మూడోసారి బక్కబాబే మాట్లాడాడు. "రెండు పేజీలు రాస్తావా, లేక బడి గంట పోయిన సంగతి నీ పేరు మీద నన్ను రాసేయమంటావా?" అన్నాడు. ఆ గంట ఎవరి ఇంటి గాదెలో దొరికిందో కమిటీలోనే ఒకరికి బాగా తెలుసు. అయినా రాస్తున్నాను.

జామచెట్టు కేసు, హెడ్మాస్టరుగారి సైకిలు వేరేవాళ్ళు ఎలాగూ రాస్తారు. ఎనిమిదీ తొమ్మిదీ తరగతులు నాకు అసలు గుర్తే లేవు. గుర్తున్నది ఒక్క గీత.

బడి తెరిచిన రోజునే, మనం ఎనభై రెండున్నర మాస్టారని పిలుచుకున్న భూగోళం మాస్టారు నల్లబల్ల కింద నుంచి గుమ్మం దాకా నేల మీద సుద్దతో గీత గీసేవారు. "ఇది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అటు మీర్జాపూర్, ఇటు మన కాకినాడ పక్క. దేశంలో గడియారాలన్నీ దీని మాటే వింటాయి. మీరెందుకు వినరు?" ఆలస్యంగా వచ్చినవాడు గీతకు అటో కాలు, ఇటో కాలు వేసి పీరియడు అయ్యేదాకా నిలబడాలి. ఆ చోటు నాకు రిజర్వేషను. ఒకరోజు అలా నిలబడి ఉండగానే, "రోజు ఎప్పుడు మారుతుందిరా?" అని అడిగారు. "తెల్లారితే మారుతుంది సార్" అన్నాను. డస్టరు నా చెవి పక్కనుంచి వెళ్ళి మన కవిగారికి తగిలింది. ఆయన నన్ను ఇంకా క్షమించలేదు.

1996లో ట్రావెల్స్ పెట్టినప్పటి నుంచి అదే ప్రశ్న నేను అందరినీ అడుగుతున్నాను. 14వ తేదీ 00.20 బండి అంటే 13 రాత్రి భోంచేసి బయలుదేరాలని టికెట్టు మీద ఎర్రసిరాతో రాసి, వేలుతో చూపించి, ఫోను చేసి మరీ చెబుతాను. తలూపుతారు. 14 రాత్రి స్టేషనుకు వెళ్ళి నాకు ఫోను చేస్తారు. "పంచాంగం ప్రకారం సూర్యోదయానికే కదండీ రోజు మారేది" అని ఒక పురోహితుడుగారు దుకాణంలో కూర్చుని గంటసేపు వాదించారు. చెవి పక్కన గాలి తగిలినట్టయింది.

ఇక కింది బెర్తులు. పాత స్లీపరు పెట్టెలో 72 బెర్తులుంటే, పక్క వరుస కలుపుకున్నా కిందివి 27. కాశీ వెళ్ళే బృందంలో పద్నాలుగుమందికీ కిందివే కావాలి. "మీరు తలచుకుంటే కాదా" అంటారు, రైల్వే మంత్రి నా మేనమామ అయినట్టు. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషను 60 రోజులకే అన్నా, నాలుగు నెలల ముందే వచ్చి, ఇవ్వలేదని అలిగి, మళ్ళీ ప్రయాణానికి రెండు రోజుల ముందు వస్తారు. తత్కాల్ తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లు ముట్టుకోకూడదని 2025లో నిబంధన వచ్చిందంటే, నేనే పెట్టుకున్నానన్నట్టు చూస్తారు. టికెట్టుకు పేరు చెప్పమంటే "బుజ్జి అని రాయండి" అన్నావిడ ఉన్నారు. కాశీలో గది నుంచి గంగ కనపడాలి, మెట్లు మాత్రం ఉండకూడదు! రెండు గంటలు నా దగ్గర కూర్చుని విమానాల వివరాలన్నీ చీటీ మీద రాసుకుని, ఇంటికి వెళ్ళి సొంత ఫోనులో టికెట్టు కొనుక్కున్న పెద్దమనిషి, ఆ విమానం రద్దయితే అర్ధరాత్రి నాకే ఫోను చేశారు. "మీరే కదండీ ఇది మంచిదన్నారు!"

మాస్టారు 2014 కార్తీకంలో వచ్చారు, అమ్మగారితో. కాశీలో తొమ్మిది నిద్రలు. సామర్లకోటలో 00.20కి ఎక్కి విజయవాడలో బండి మారాలి. ఎర్రసిరా పెన్ను తీశాను గానీ ఆయనకు రాసి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఆయనకా తేదీ చెప్పేది!

టికెట్టు మీది తేదీ రాత్రి పన్నెండున్నరకు ఫోను. తన బెర్తులో ఎవరో పడుకున్నారని మాస్టారు గొడవ పెట్టుకున్నారట. టి.టి. టికెట్టు చూసి, ఇది నిన్నటిదని దింపేశాడు. నేను స్కూటరు మీద వెళ్ళేసరికి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద, పచ్చళ్ళ డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నారు. అమ్మగారు అటు తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. మాస్టారు చాలాసేపు పట్టాలు చూసి, తల తిప్పకుండానే అడిగారు.

"రోజు ఎప్పుడు మారుతుందిరా?"

"తెల్లారితే మారుతుంది సార్."

వెళ్ళిపోయిన బండికి పైకం తిరిగి రాదు. రెండు రోజుల తర్వాతి బండికి మళ్ళీ చేయించాను. రెండూ కింది బెర్తులే, ఎలా వచ్చాయని అడగకండి. డబ్బు వద్దంటే వినకుండా బల్ల మీది అద్దం కింద దోపి వెళ్ళారు. ఇప్పుడు నా దుకాణంలో ఆరుగురు పనిచేస్తున్నారు, బల్లలు మారాయి. ఆ అద్దం, దాని కింద ఆ నోట్లు అలాగే ఉన్నాయి.

ఆయన బయలుదేరాక ఒక రాత్రి, రెండింటికి, ఫోను మోగింది. మళ్ళీ ఎవరి బండి పోయిందో అని తిట్టుకుంటూ ఎత్తాను. వెనక రైలు చప్పుడు.

"ఒరేయ్, మీర్జాపూర్ వచ్చిందిరా. నిలబడు."

దుప్పటి తీసి, నేల మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను.