దేవుణ్ణి నమ్మని అభ్యర్థి గెలుస్తాడా?

కోనసీమలో నామినేషన్ పత్రాలను అయినవిల్లి విఘ్నేశ్వరుడి పాదాల చెంత ఉంచి, కుంకుమ అంటిన ఆ కాగితాలతోనే రిటర్నింగ్ అధికారి వద్దకు వెళ్లే అభ్యర్థులున్నారు; ప్రచారం మొదలయ్యాక వారికి ఆదివారం చర్చి కూడా తప్పదు. ఇలాంటి చోట దేవుణ్ణి నమ్మనివారు పెద్ద పదవికి ఎన్నిక కాగలరా అన్న సందేహం సహజమే.

చట్టపరంగా అడ్డంకి లేదు. రాజ్యాంగం మూడవ షెడ్యూలు దైవసాక్షిగా ప్రమాణం చేయడానికీ, దేవుడి ప్రస్తావన లేకుండా ప్రతిజ్ఞ చేయడానికీ సమానంగా వీలు కల్పించింది. తన మరణానంతరం మతకర్మలు వద్దని నెహ్రూ 1954లోనే వీలునామాలో రాసుకున్నారు, కానీ అది లోకానికి తెలిసింది ఆయన పోయాకనే. కరుణానిధి మాత్రం నాస్తికత్వాన్ని ఏనాడూ దాచకుండానే అయిదుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. పశ్చిమ బెంగాల్‌లో కమ్యూనిస్టు జ్యోతి బసు 1977 నుంచి 2000 వరకు ఆ పదవిలో కొనసాగారు.

అయితే వారి వెనుక బలమైన పార్టీలున్నాయి. నా అంచనాలో మన డెల్టా ఓటరు అభ్యర్థి మనసులోని నమ్మకాన్ని ఆరా తీయడు గానీ, ఊరి తీర్థానికి రాకపోతే, వచ్చినా ప్రసాదానికి చేయి చాపకపోతే, దాన్ని నాస్తికత్వంగా కాక తమను చిన్నచూపు చూడటంగా లెక్కగడతాడు. పార్టీ అండ లేని స్వతంత్రుడు అలా చేస్తే డిపాజిట్ దక్కడం కూడా కష్టమే.