ఎక్స్‌ఎల్‌టీయా, లారియట్టా?

టెక్సాస్‌లో ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొనాలనుకున్నాక, ఇంజిన్ కంటే ట్రిమ్ (ఒకే మోడల్‌లో హంగులను బట్టి ఉండే రకం) ఎంపికే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. ఎక్స్‌ఎల్‌టీ కంటే పై ట్రిమ్ అయిన లారియట్‌లో తోలు సీట్లలోంచి వచ్చే చల్లగాలి ఇక్కడి ఎండల్లో నిజంగా సుఖమే. మా ఆవిడకు అదే నచ్చింది. అయితే డ్రైవర్ తలుపు తీయగానే పక్కన కనిపించే పసుపు అంచు స్టిక్కర్‌ను, అంటే మనుషులూ సామానూ కలిపి బండి ఎంత బరువు మోయగలదో చెప్పే అంకెను, రెండింటిలోనూ చదివి చూశాను. పనోరమిక్ సన్‌రూఫ్ (పైకప్పులో పెద్ద గాజు పలక) వంటి హంగులు చేరేకొద్దీ బండి సొంత బరువు పెరిగి ఆ అంకె తగ్గుతుంది; పైగా ట్రైలర్ తగిలిస్తే, సాధారణంగా దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే భాగం) మీద పడి అందులోంచే పోతుంది. బ్రోషర్‌లో ఘనంగా వేసే అంకె వేరు, మన చేతికి వచ్చే బండి అంకె వేరు. మాకు పడవ లాగే పని ఉంది కాబట్టి, సన్‌రూఫ్ లేని ఎక్స్‌ఎల్‌టీకి టోయింగ్ (ట్రైలర్ లాగడానికి కావలసిన) ప్యాకేజీ చేర్చి తీసుకున్నాం.