బోల్టుల కవరు

రాత్రి పదకొండున్నర. కొత్త ఇంట్లో నేల మీద పరుపు వేసుకుని రాస్తున్నాను. మంచం ముక్కలు ముక్కలుగా గోడకి ఆనుకుని ఉంది. దాని బోల్టులున్న కవరు కనబడటం లేదు. సామాన్లు తెచ్చిన వాళ్ళ తప్పేం లేదు, అది నా నిర్వాకమే.

పొద్దున్న ఎనిమిదింటికల్లా నలుగురు వచ్చారు. వాళ్ళొచ్చేసరికే సగం సర్దేశానని నాకో గర్వం. వాళ్ళలో పెద్దాయన నేను వారం రోజుల కిందట నింపిన పుస్తకాల పెట్టె అంచు పట్టుకుని ఒక్క అంగుళం లేపి చూసి, మళ్ళీ దింపేశాడు. "పుస్తకాలా సార్? ఎత్తితే అడుగు ఊడిపోతుంది." ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద పెట్టె అది. పుస్తకాలు ఎక్కువ కదా అని పెద్దది తీశాను! అవి మూడు చిన్న పెట్టెల్లోకి పోయాయి, పెద్దదాంట్లోకి దిండ్లూ దుప్పట్లూ వచ్చాయి. పెట్టెల మూతల మీద నేను ముచ్చటగా రాసిన పేర్లు చూసి కుర్రాడొకడు నవ్వాడు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే మూత ఎవరికి కనబడుతుంది? మళ్ళీ అన్నిటికీ పక్కన రాసుకొచ్చాడు.

పళ్ళేల దగ్గరా అంతే. నేను బోర్లించి దొంతరగా పెట్టాను. అతను అన్నీ తీసి, ఒక్కోదానికీ కాగితం చుట్టి, అలమరలో పుస్తకాల్లా నిలబెట్టాడు. పడుకోబెడితే బండి ఎగిరినప్పుడల్లా పైవాటి బరువంతా అడుగుదాని మీద పడుతుందట. ఒక్కటీ పగల్లేదు.

అసలు తంటా వాషింగ్ మెషీన్‌తో వచ్చింది. ముందు తలుపున్న రకం మాది. "డ్రమ్ము బిగించే బోల్టులు ఉన్నాయా?" అనడిగాడు పెద్దాయన. లోపల డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది, బిగించకుండా బండెక్కిస్తే ఊగి ఊగి పాడవుతుంది. కొన్న రోజున వెనక నుంచి విప్పిన పొడుగాటి బోల్టులు లీలగా గుర్తొచ్చాయి. పారేద్దామన్నది నేను, దాచింది మా ఆవిడ. అరగంట వెతికితే కరెంటు బిల్లుల అడుగున దొరికాయి. ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మంచం విప్పాక బోల్టులన్నీ ఒక కవర్లో వేసి, మంచం పట్టీకే టేపుతో అంటించబోయాడు కుర్రాడు. "ఇలా ఇవ్వు బాబూ, ఊడిపోతుందేమో, నేను జాగ్రత్త చేస్తా" అని తీసుకున్నాను. ఆ జాగ్రత్త ఎక్కడ చేశానో మరి!

సాయంత్రం దింపుతుంటే మేజా బల్ల మూల గీరుకుపోయింది. వేలెడంత. పొద్దుట్నుంచీ చెమటోడ్చిన మనుషులతో ఏం అంటాం, ఊరుకుందామనుకున్నా. పెద్దాయనే లిస్టు నా ముందు పెట్టి, "బల్ల దగ్గర రాసి అప్పుడు సంతకం పెట్టండి సార్. రేపు ఫోన్ చేసి చెప్తే మా ఆఫీసులో ఎవరూ వినరు" అన్నాడు. రాస్తుంటే నాకే సిగ్గేసింది. నెంబర్ల వారీగా పెట్టెలన్నీ లెక్క చూసుకుని సంతకం పెట్టాను.

మెట్ల మలుపులో ఫ్రిజ్‌ని కాస్త పక్కకి వాల్చక తప్పలేదు. వాలిస్తే కంప్రెసర్‌లో నూనె గొట్టాల్లోకి పాకుతుంది కాబట్టి, కొన్ని గంటలు నిటారుగా ఉంచాకే ఆన్ చెయ్యాలని మరీ మరీ చెప్పి వెళ్ళారు. అందుకే ఇంతసేపూ మేలుకున్నాను.

పన్నెండు. ఫ్రిజ్ ఆన్ చేసొచ్చాను. చల్లబడుతోందో లేదోనని తలుపు తీసి చూస్తే, కూరగాయల అరలో బోల్టుల కవరు.