ఇన్సులిన్ పెట్టుకుని గయ వెళ్ళొచ్చాను: నా అనుభవం

గయ నుంచి వచ్చి బట్టల సంచీ ఇంకా విప్పలేదు. ముందు ఇది రాసేయాలని కూర్చున్నాను. నాలుగు రోజులు పోతే కోపం చల్లారిపోతుంది, ‘పోనీలే, పుణ్యక్షేత్రంలో జరిగింది’ అని నేనే సర్దుకుంటాను. ఇది సర్దుకోవాల్సిన విషయం కాదు. షుగర్ ఉండి, ఇన్సులిన్ తీసుకుంటూ, అమ్మానాన్నలకు గయలో పిండాలు పెట్టాలని ఎదురుచూస్తున్నవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళకోసం రాస్తున్నాను.

డాక్టరుగారి దగ్గర పని తేలిగ్గానే అయింది. కర్మ రోజు ముందు రాత్రి వేసుకునే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ కొంచెం తగ్గించమన్నారు. భోజనానికి ముందు వేసుకునేది మాత్రం విస్తరి ఎదురుగా వచ్చేదాకా ముట్టుకోవద్దన్నారు. షుగర్ రీడింగ్ 70 కంటే తగ్గితే అక్కడ ఏం జరుగుతున్నా సరే ముందు గ్లూకోజ్ నోట్లో వేసుకోవాలని, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలని రెండుసార్లు చెప్పారు. ఎంత తగ్గించాలో నా లెక్క మీకు పనికిరాదు, మీ డాక్టరుని అడగండి.

విజయవాడలో సంఘమిత్ర ఎక్కాం. మా ఆవిడ మెంతికూర చపాతీలు, నువ్వుల పొడి, ఉడికించిన శనగలు, వేయించిన వేరుశనగపప్పు కట్టింది. రైల్లో పాంట్రీ భోజనాన్ని నమ్ముకుని సూది వేసుకోకండి. ఒంటిగంటకు తెస్తామన్న భోజనం మూడింటికి వస్తుంది. సూది మాత్రం ఆగదు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను గది వేడిలో ఉన్నా పర్వాలేదు. తెరవనివి మాత్రం తడి గుడ్డ చుట్టిన చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకున్నాను. ముందు కాశీకి వెళ్ళాలని మొగల్‌సరాయ్‌లో దిగేసరికి (ఇప్పుడు దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అంటున్నారు) చలి వణికించేసింది.

కాశీలో ఉన్నన్ని రోజులూ నాకు పండగే. మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమంలో మధ్యాహ్నం మన భోజనం. ముందు కూర, పప్పు తిని, ఆఖర్న అన్నం కొంచెం పెట్టించుకునేవాణ్ణి. సాయంత్రం కేదార్ ఘాట్ నుంచి దశాశ్వమేధం దాకా ఆ మెట్లన్నీ ఎక్కీ దిగీ నడిస్తే, రాత్రి గ్లూకోమీటర్‌లో అంకె ఇంట్లో ఎప్పుడూ కనిపించనంత బాగుండేది. పొద్దున్నే సందుల్లో మలైయో అని అమ్ముతారు. పాలు కాచి, రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున చిలికి తీసిన నురగ అది. కుంకుమపువ్వు రంగులో, పిస్తా పలుకులు చల్లి, మట్టి పిడతలో ఇస్తారు. చలికాలంలోనే దొరుకుతుంది. ఒక పిడత తీసుకుని ఇద్దరం పంచుకున్నాం. నావంతు రెండు చెంచాలు. నాలుక మీద పెట్టగానే మాయమైపోయింది, రుచి మాత్రం గొంతు దిగేదాకా ఉంది. షుగర్ వచ్చాక స్వీటు తిన్న ప్రతిసారీ ఎవరో చూస్తున్నట్టు గబగబా మింగడం అలవాటైపోయింది. ఆ రెండు చెంచాలు మాత్రం నిలబడి, నిదానంగా, సంతోషంగా తిన్నాను.

పాదాల గురించి ఒక మాట. ఘాట్ల మెట్లు గరుకు, పైగా చల్లటి రాయి. పాదాలు మొద్దుబారినవాళ్ళకు చీరుకున్నా తెలియదు. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూడమని మా ఆవిడకు చెప్పాను. ఆమె రోజూ టార్చ్ వేసి చూసింది.

ఇక గయ.

కాశీ నుంచి గయకు రోడ్డు మీద రెండువందల యాభై కిలోమీటర్లకు అటూఇటూ. అర్ధరాత్రి దాటాక బయలుదేరి, పొద్దున్నే కర్మ మొదలుపెట్టి, తొమ్మిది దాటకుండా ముగిస్తామని కార్యక్రమం కుదిర్చిన మనిషి ఫోన్లో చెప్పాడు. అతనికి తెలుగు బాగా వచ్చు. నాకు షుగర్ ఉందనీ ఇన్సులిన్ మీద ఉన్నాననీ అప్పుడే చెప్పాను. “ఏం ఇబ్బంది లేదండీ, ఎంతోమంది వస్తుంటారు” అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

దారంతా పొగమంచు. లారీల వెనక లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. డ్రైవరు బండిని నడక వేగంతో పోనిచ్చాడు, అది అతని తప్పు కాదు. మేం ఫల్గు నది ఒడ్డుకు చేరేసరికి పది దాటింది. అప్పుడు రీడింగ్ 96. ఖాళీ కడుపుతో, రాత్రి వేసుకున్న మందు లోపల పనిచేస్తుండగా 96 అంటే కిందికి దిగే అంకె అని ఇన్సులిన్ వాడేవాళ్ళకు చెప్పక్కర్లేదు. మొదలుపెట్టే ముందు అరగ్లాసు పాలు తాగుతానన్నాను. ఫోన్లో మాట్లాడిన ఆ మనిషి “పిండాలయ్యేదాకా మంచినీళ్ళు కూడా పనికిరావు, కాసేపేగా, ఓర్చుకోండి” అన్నాడు.

పంచె కట్టుకుని, వేలికి దర్భ పవిత్రం పెట్టుకుని వరసలో కూర్చున్నాం. మా బండిలో వచ్చినవాళ్ళూ, వేరే బళ్ళవాళ్ళూ, అందరూ తెలుగువాళ్ళే. నాన్నగారి వంక పిండాలు అయ్యాయి. నువ్వులు, నీళ్ళు వదులుతుంటే చేతులు వణికాయి. చలి అనుకున్నాను. కానీ ఆ చలిలో వీపు మీద చెమట పట్టింది. చెప్పించే మంత్రం చెవిన పడుతోంది, నోరు తిరగడం లేదు. పక్కనున్న మా ఆవిడ “ఏమండీ, మీ పెదాలు పాలిపోయాయి” అంటూ మీటర్ తీసింది. చలికి వేలి నుంచి రక్తం చుక్క రాదే! రెండు అరచేతుల మధ్య నా వేలు రుద్ది, మళ్ళీ పొడిచి, స్ట్రిప్‌కి తాకించింది. 58.

పవిత్రం తీసి చెవికి పెట్టుకున్నాను. గ్లూకోజ్ పొడి నోట్లో వేసుకున్నాను.

అంతే. “ఆపండి!” అని అరిచాడు ఆ మనిషి. “ఎంగిలైపోయింది. ఇంతవరకూ చేసిందంతా వ్యర్థం. తిండికి ఆగలేనివాళ్ళు గయకు ఎందుకు వస్తారండీ? ఇంట్లో కూర్చుని డబ్బు పంపితే మేమే చేయించేవాళ్ళం కదా. మీ నాన్న నోటి దగ్గరి ముద్ద మీరు లాక్కున్నారు.” మళ్ళీ సంకల్పం నుంచి మొదలుపెట్టాలనీ, సామగ్రి మళ్ళీ కొనాలనీ, దక్షిణ మళ్ళీ ఇవ్వాలనీ అందరూ వినేలా చెప్పాడు.

తల పైకెత్తలేకపోయాను. షుగర్ పడిపోయినప్పుడు మెదడు మాట వినదు, కోపం వచ్చినా మాట రాదు. ఈ వయసులో, వంటి మీద కండువా ఒక్కటే కప్పుకుని, తరగతి ముందు నిలబెట్టిన పిల్లాడిలా కూర్చుండిపోయాను. నన్ను బాగా కోసిన మాట నాన్న ముద్ద గురించి అన్నది. మా నాన్న బతికుండగా నేను తినకుండా ఆయన కంచం ముందు కూర్చునేవాడు కాదు. ఆ సంగతి ఈ మనిషికి ఎలా తెలుస్తుంది? తెలియనప్పుడు ఆ మాట అనే హక్కు ఎవరిచ్చారు? మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. అయినా చెయ్యి వణకకుండా రెండో చెంచా గ్లూకోజ్ కలిపి ఇచ్చింది.

అప్పుడు లేచారు నరసాపురం మాష్టారు. రిటైరైన తెలుగు పండితుడు, మా బండిలోనే వచ్చారు. దారి పొడుగునా ఆయన షుగర్ మాటే ఎత్తలేదు. నా పక్కకొచ్చి, నడుముకున్న చిన్న సంచీ విప్పి తన పెన్ను, మీటరూ ఆ మనిషికి చూపించారు. “నాకూ ఉందయ్యా. పొద్దున బండి ఆగినప్పుడు పక్కకెళ్ళి పాలు తాగాను. అడిగి తాగనందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు చెప్పాడు, వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది: నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. ఈ బాబు నోట్లో వేసుకుంది ఔషధం. ఏ శాస్త్రం ప్రకారం వ్యర్థమైందో చెప్పు” అన్నారు. గొంతు పెంచలేదు. పద్యం చెప్పినట్టు చెప్పారు.

ఆ వెనక నుంచి తెనాలి ఆవిడ “మా ఆయనకీ షుగరే, ఆయన కూడా పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు” అంది. ఇంకొకాయన బిళ్ళల డబ్బా తీశాడు. వరసలో ఒక్కొక్కరూ నోరు విప్పారు. అంతమంది షుగర్‌వాళ్ళం పక్కపక్కన కూర్చుని, ఎవరికి వాళ్ళం దాచుకుని, ఎవరికి వాళ్ళం భయపడుతున్నాం!

పక్క వరసలో కర్మ చేయిస్తున్న ఒక వృద్ధ పురోహితుడు ఇదంతా విని వచ్చారు. “మందుకి దోషం లేదు నాయనా. కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆచమనం చేసి, ఆగిన చోటి నుంచే చెయ్యి” అన్నారు. రెండోసారి దక్షిణ ప్రస్తావన అక్కడితో పోయింది. మాతో చేయించాల్సిన మిగతాది కూడా ఆయనే చేయించారు. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూస్తే 84. అరటిపండు సగం తినమని ఆయనే చెప్పి, నేను నమిలేదాకా ఆగారు.

తర్వాత మాతృషోడశి. గయలో తల్లికి విడిగా పదహారు పిండాలు పెడతారు. కడుపులో మోసినందుకు ఒకటి, నొప్పులు పడినందుకు ఒకటి, బిడ్డ కోసం రాత్రిళ్ళు నిద్ర మానుకున్నందుకు ఒకటి. అందులో, బిడ్డను మోస్తూ తల్లి మింగిన ఘాటైన మందులను తలుచుకుని పెట్టే పిండం కూడా ఉంది. పెద్దాయన ఆ శ్లోకానికి అర్థం తెలుగులో చెప్పినప్పుడు నేను ఏడ్చాను. మా అమ్మకూ షుగరే. నా ఒంట్లోకి అది ఆవిడ నుంచే వచ్చింది. నేను పుట్టడానికి అమ్మ మందు మింగితే దానికి శాస్త్రం పిండం పెట్టిస్తోంది. అదే అమ్మకు పిండం పెట్టడానికి కొడుకు మందు మింగితే ఎంగిలి ఎలా అవుతుంది?

ఈ మాట గట్టిగా చెబుతాను. ఇన్సులిన్ వేసుకున్నవాడు వేళకు తిండి అడిగితే అది తిండిపోతుతనం కాదు. సూది ఎలాంటిదో ఆ ముద్ద అలాంటిది, రెండూ కలిస్తేనే మందు. పెళ్ళిళ్ళలోనూ ఇంతే, ముహూర్తం అయ్యేదాకా ఆగమంటారు. వ్రతాల్లోనూ ఇంతే. ‘ఒక్కరోజుకేం కాదులే’ అనేవాళ్ళకు షుగర్ పడిపోతే స్పృహ తప్పుతుందనీ, పట్టించుకోకపోతే ప్రాణం మీదికి వస్తుందనీ తెలియదు. తెలియకపోతే ఊరుకోవచ్చు, నలుగురిలో అవమానించకూడదు. మనవాళ్ళకూ చెబుతున్నా, దాచుకోకండి. నరసాపురం మాష్టారు పొద్దున్నే బండిలో అందరి ముందూ పాలు తాగి ఉంటే, నేనూ తాగేవాణ్ణి, తెనాలి ఆయనా తాగేవాడు. ఆయనే ఆ మాట అన్నారు కాబట్టి రాస్తున్నాను.

విష్ణుపాదం గుడిలో రద్దీ ఉన్నా పని సాఫీగా జరిగింది. 1787లో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన గుడి, నల్లరాతి స్తంభాలు. పాదం గుర్తు చుట్టూ వెండి తొడుగు. అక్షయవటం దగ్గర ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు వదిలేయాలి, అంటే ఇక జన్మలో తినకూడదు. ఇష్టమైనవే వదలాలంటారు. నేను మామిడిపండు అనబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. “షుగర్ వచ్చాక ఎన్ని వదిలారు? వేసవిలో తినే ఆ రెండు బంగినపల్లి ముక్కలు కూడా వదిలేస్తే ఇక మీకు ఏం మిగులుతుంది?” అంది. పనసపండు వదిలాను. అదీ నాకు ఇష్టమే, చిన్నప్పుడు తోటలో కోసుకు తిన్నది. కాయల్లో దొండకాయ, ఆకుల్లో చుక్కకూర.

ఆ పూట ఉల్లి లేని భోజనం. అన్నం, పెసరపప్పు, కూర. విస్తరి ముందు కూర్చున్నాకే సూది వేసుకున్నాను. మాష్టారు నా పక్కనే కూర్చుని తనదీ వేసుకున్నారు, ఈసారి చొక్కా ఎత్తి, అందరి ముందే.

రాత్రి గయలోనే ఆగి మర్నాడు పొద్దున లిట్టీ తిన్నాం. గోధుమపిండి ఉండలో సత్తు, అంటే వేయించిన శనగల పిండి, వాము, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపి కూరి, పిడకల నిప్పు మీద కాలుస్తారు. దానితో చోఖా, కాల్చిన వంకాయ, టమాటా, బంగాళదుంప కలిపి నలిపిన పచ్చడి. మన కాల్చిన వంకాయ పచ్చడికి దగ్గర చుట్టం. నెయ్యిలో ముంచొద్దన్నాను, చోఖాలో బంగాళదుంప తగ్గించమన్నాను. రెండు గంటల తర్వాత రీడింగ్ చూసి మాష్టారికి చూపించాను, ఆయన తనది చూపించారు. ఇద్దరికీ బాగుంది. బీహార్‌లో మనలాంటివాళ్ళకు ఇంతకన్నా మంచి టిఫిన్ లేదని నా అభిప్రాయం. సత్తు పొట్లాలు కొనుక్కొచ్చాం, ఇప్పుడు మజ్జిగలో ఉప్పు, జీలకర్ర వేసి కలిపి తాగుతున్నాను.

రమణా రోడ్డులో తిల్‌కుట్ అనే నువ్వుల మిఠాయి దుకాణాలు బారులు తీరి ఉంటాయి. వేయించిన నువ్వుల వాసన, కర్రలతో దంచుతున్న చప్పుడు. బెల్లంది పావుకిలో తీసుకున్నాను, మా అక్కకు. ఆవిడకు షుగర్ లేదు.

మాష్టారు నిన్న ఫోన్ చేశారు. వేసవిలో బదరీనాథ్ గుడి తెరిచాక బ్రహ్మకపాలంలో పిండం పెట్టడానికి వెళ్తున్నారట, తోడు రమ్మన్నారు. వస్తానన్నాను. అక్కడ ఇన్సులిన్‌కి వేడి భయం ఉండదు, గడ్డ కట్టే భయం ఉంటుంది. ఒకసారి గడ్డ కడితే ఆ పెన్ను పారేయాల్సిందే, అందుకని చొక్కా లోపల జేబులో పెట్టుకోవాలి. ఈసారి చేయించే పురోహితుడితో ఫోన్లో ముందే మాట్లాడి, మధ్యలో పాలు, మందు తీసుకుంటామని ఒప్పించే పని మాష్టారిది. చపాతీలు, శనగలు మావి.