నలభై నాలుగేళ్ల తర్వాత అమ్మ చూసిన గ్రహణం

2024 ఏప్రిల్ 8, తెల్లవారుజామున నాలుగింటికి హ్యూస్టన్‌లోని మా వంటింట్లో వాదన నడుస్తోంది. "ఇక్కడే సూర్యగ్రహణం తొంభై నాలుగు శాతం కనిపిస్తుందట. ఆరు శాతం కోసం మూడు గంటలు డ్రైవ్ చేసుకుంటూ సంపూర్ణంగా కనిపించే వేకో పోవాలా?" అని మా ఆవిడ. ఆమెకి ఆఫీసు మీటింగులు ఉన్నాయి, ఎలాగూ రాదు. "సోమవారం అమాస, పైగా గ్రహణం, తెల్లారితే ఉగాది. ఈ పూట ఎవరన్న ఇల్లు కదుల్తరారా?" అని అమ్మ.

చివరికి ఒక షరతు మీద అమ్మ కదిలింది. పులిహోర డబ్బాలో గరిక వేయాలి. టెక్సాస్‌లో గరికెక్కడిది అనుకుంటుంటే, మా లాన్‌లోంచే నాలుగు పోచలు పీక్కొచ్చింది. తర్వాత చూస్తే నిజమే, ఇక్కడ బెర్ముడా గ్రాస్ అని డబ్బులు పోసి పెంచుకునేది మన గరికే!

దారిలో 1980 సంగతి చెప్పింది. ఆ ఏడాది ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం నల్లగొండ జిల్లా మీదుగానే పోయింది. హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు టెలిస్కోపులు పెట్టుకుని కూర్చున్నారు. అమ్మ వాళ్ల ఊళ్లో మాత్రం వీధిలో మనిషన్నవాడు లేడు.

"నాకు పన్నెండేండ్లు. మా నాయనమ్మ తలుపులన్నీ మూసి, తాంబాళంల నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం విడిస్తెనే అది పడ్తదట. పిల్లలమంత దాన్నే చూసుకుంట కూసున్నం. దర్వాజ సందులకెల్లి వచ్చే ఎలుగు పోయింది, జరసేపటికి మళ్ల వచ్చింది. గంతే."

వేకోలో బ్రజోస్ నది దగ్గర ఒక పార్కులో ఆగేసరికి ఆకాశం నిండా మబ్బులు. నాకు ఒకటే టెన్షన్. పన్నెండున్నర దాటాక మబ్బులు పలచబడ్డాయి. కొరికిన అప్పడంలా ఉన్న సూర్యుడు మధ్యమధ్య కనిపించి పోతున్నాడు. ఒంటిగంటన్నరకి ఎండ ఉన్నా వేడి లేదు, గాలి చల్లబడింది. 1:38కి ఎవరో స్విచ్ ఆపినట్టు చీకటి పడింది. పార్కంతా ఈలలు, కేకలు.

"ఏం కనవడ్తలేదురా!" అంది అమ్మ. గ్రహణం అద్దాలు ఇంకా పెట్టుకునే ఉంది. ఇప్పుడు తీయొచ్చమ్మా అంటే భయపడింది. నేనే తీశాను.

నల్లటి బిళ్ల, చుట్టూ తెల్లటి వెలుగు రేకులు, అడుగున గులాబీ రంగు నిప్పురవ్వ. సూర్యుడి అంచు మీద లేచిన మంట అది, ఉత్త కంటికే కనిపించింది. కిందుగా కుడివైపున శుక్రుడు. చుట్టూ నాలుగు దిక్కులా సాయంసంధ్య. నేను కెమెరా తిప్పుతూ రెండు నిమిషాలు పాడు చేసుకున్నాను. ఫిల్టర్ తీయడం మర్చిపోయానని, ఫోటోలన్నీ నల్లగా వచ్చాయని ఇంటికొచ్చాక తెలిసింది.

అమ్మ దండం పెట్టుకోలేదు, మంత్రం చదవలేదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడింది. నాలుగు నిమిషాలు దాటాక అంచున వజ్రంలా వెలుగు చిమ్మింది. అప్పుడు అంది: "రోకలిని చూసుకుంట కూసున్న గదరా అప్పుడు."

ఫోన్లు మొదలయ్యాయి. ఆస్టిన్‌లో ఉన్న మిత్రుడికి మబ్బులే మిగిలాయి. పట్టపగలు వీధి దీపాలు వెలిగాయనీ, ఆ చీకటికే ఒళ్లు జలదరించిందనీ అన్నాడు. ఇంటి దగ్గర మా ఆవిడకి కాస్త మబ్బు పట్టిన సాయంత్రంలా అనిపించిందట. అనిపించదా మరి. సూర్యుడి వెలుగు పున్నమి చంద్రుడికి దాదాపు నాలుగు లక్షల రెట్లు. అందులో ఆరు శాతం మిగిలినా పగలు పగలే. తొంభై నాలుగుకీ నూటికీ మధ్య ఉన్నది ఆరు శాతం కాదని ఆమెకి ఇప్పటికీ ఒప్పించలేకపోయాను. పైగా ఆమె దగ్గర ఓ ఫోటో ఉంది: మబ్బు తొలగిన కాసేపట్లో బియ్యం జల్లెడ పట్టుకుంటే ఒక్కో కంతలోంచి వాకిట్లో పడ్డ సూర్యుడి బొమ్మలు, వందల చిన్న నెలవంకలు. మా ఇద్దరి ఫోటోల్లో పనికొచ్చింది అదొక్కటే.

తిరుగు ప్రయాణం ట్రాఫిక్‌లో ఏడు గంటలు పట్టింది. ఇల్లు చేరగానే అమ్మ విడుపు స్నానం చేసి, మర్నాటి పచ్చడికి చింతపండు నానబెట్టింది. తల తుడుచుకుంటూ, ఇండియాలో ఇలాంటి సంపూర్ణ గ్రహణం మళ్లీ ఎప్పుడని అడిగింది. 2034 మార్చి 20, కార్గిల్ వైపు అన్నాను.

"ఆడ చలి ఎంతుంటదిరా మార్చిల?"