ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి?

తిరుపతిలో పొద్దున్నే పేపర్ తెరిస్తే ముందు కనబడేది ఇదే: కొండ మీద ఇన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఇన్ని గంటలు. చిన్నప్పటి నుంచీ చదువుతున్నా ఆ గంటలు ఎట్లా లెక్కేస్తారన్న ఆలోచనే నాకు రాలేదు, బీటెక్‌లో క్యూయింగ్ థియరీ అని, లైన్లలో ఎదురుచూపుల లెక్కల మీద ఒక యూనిట్ చదివి (చదవడమంటే, గైడు బట్టీ పట్టి) పాసయ్యాక కూడా.

ఆ యూనిట్‌లో లిటిల్ సూత్రం అని ఒకటుంటుంది, జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. సగటున లైన్లో ఉండే జనం అంటే, గంటకు వచ్చే జనాన్ని ఒక్కొక్కరు లైన్లో గడిపే గంటలతో గుణించడమే. ఊరికే ఒక అంకె వేసుకుందాం: లైన్లో 45,000 మంది, గంటకు 3,000 మంది వస్తున్నారు, అంతమందికే దర్శనమూ అవుతోంది, అంటే 15 గంటలు. ఐదో తరగతి భాగహారం! జనం బస్సులు బస్సులుగా దిగినా, ఒక్కొక్కరుగా నడిచొచ్చినా ఈ సూత్రం మారదు. దీన్ని సిగ్మాలతో నింపి మమ్మల్ని ఎందుకంత భయపెట్టారో ఇప్పటికీ అర్థం కాదు.

అసలు మజా వేరే చోట ఉంది. "నిన్నటికన్నా కాస్త ఎక్కువ మంది వచ్చుంటారు, అంతమాత్రానికే ఇంత లేటా?" అని మా మామ ఓసారి విసుక్కున్నాడు. దానికి జవాబు 1909లోనే కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎర్లాంగ్ మొదలుపెట్టిన లెక్కల్లో ఉంది. ఒకే ఒక లడ్డూ కౌంటర్ అనుకోండి, జనం వేళాపాళా లేకుండా వస్తుంటారు, ఒక్కొక్కరికి పట్టే టైమూ ఒక్కోలా ఉంటుంది. కౌంటర్ ఇవ్వగలిగినదాంట్లో 90 శాతం జనం వస్తే అక్కడ సగటున 9 మంది ఉంటారు. 95 శాతమైతే 19. 99 శాతమైతే 99 మంది! వచ్చేవాళ్లు పెరిగింది పదో వంతు, లైను పెరిగింది పదకొండింతలు. కాగితం మీద ఒక చిన్న భిన్నం (90/10, 95/5, 99/1), కింద హారం సున్నాకి దగ్గరపడుతోంది, అంతే. శనివారాల సంగతి నాకు అప్పుడు వెలిగింది.

టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చేదీ ఇందుకే అని నాకనిపిస్తుంది. టోకెన్ ఇచ్చినంత మాత్రాన గంటకు అయ్యే దర్శనాలు పెరగవు, జనం ఒక్కసారిగా వచ్చి పడకుండా చూస్తుంది, మిగతా ఎదురుచూపు రూములో పడుకుని చేసుకోవచ్చు. చంటిపిల్లలతో వచ్చినవాళ్లకి అదే పెద్ద తేడా.