గోడ లోపలి గడ్డ

ఆరు నెలల క్రితం గ్యాస్ నొప్పికని ఎండోస్కోపీ చేయించుకుంటే, కడుపులో చిన్న ఉబ్బు ఉందన్నారు. పైపొర నున్నగా, మామూలుగానే ఉందట. బయాప్సీ నార్మల్ అని రాగానే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. డాక్టర్ గారు మాత్రం, "ఆ ముక్క పైపొరది. గడ్డ దాని కింద ఉంది. ఈ రిపోర్టు గడ్డ గురించి ఏమీ చెప్పదు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

తర్వాత ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేశారు. గొట్టం చివరున్న స్కానర్‌లో కడుపు గోడ ఐదు పొరలుగా కనిపిస్తుంది. గడ్డ ఏ పొరలో పుట్టిందన్నదే అసలు ఆధారం. మూడో పొరలో తెల్లగా మెరిస్తే చాలావరకు కొవ్వు గడ్డే, దాన్ని వదిలేయవచ్చు. నాది నాలుగోది, అంటే కండర పొర. నల్లగా ఉంది, 14 మిల్లీమీటర్లు. హానిలేని కండర గడ్డ కావచ్చు, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న జిస్ట్ అనే కణితి కావచ్చు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేల్చాలంటే సూదితో లోపలి కణజాలం తీసి, జిస్ట్ కణాల్లో సాధారణంగా కనిపించే సీడీ117 అనే ప్రోటీన్ లాంటి గుర్తుల కోసం పరీక్షించాలి. ఇంత చిన్నదాంట్లో సూదికి సరిపడా దొరకడం కష్టమట.

రెండు సెంటీమీటర్ల లోపు, అంచులు నున్నగా, పుండు, రక్తస్రావం లేకుండా ఉంటే గమనిస్తూ ఉండొచ్చన్నారు. తీసేయండని నేనే పట్టుబట్టాను. ఆయన ఓపిగ్గా బొమ్మ గీసి మరీ వివరించారు. ఆ బొమ్మ ఇంకా దాచుకున్నాను.

నిన్న మళ్లీ చూశారు. అదే 14. మళ్లీ ఏడాదికి రమ్మన్నారు.